శనివారం, చేప ఆకారపు సాన

పొద్దున తల దువ్వుకుంటుంటే దువ్వెన పళ్లు రెండు ఊడొచ్చాయి. కొత్తది కొందామని బయల్దేరితే దారిలో వాన. లండన్ వానకి గొడుగు ఉన్నా లేనట్టే. టికెట్ లేదు కదా అని యూనివర్సిటీ కాలేజీ వాళ్ల పెట్రీ మ్యూజియంలోకి దూరాను. ప్రాచీన ఈజిప్టు వస్తువులు ఉండే చోటు.

బుర్రలో దువ్వెనే ఉందేమో, కళ్లు కూడా ముందు దువ్వెనల మీదే పడ్డాయి. పిరమిడ్లకు వెయ్యేళ్ల ముందువి. దంతంతో, ఎముకతో చేసినవి, పైన పిట్టో జంతువో కూర్చుని ఉంటుంది. వీటికీ పళ్లు విరిగాయి. పిట్ట మాత్రం భద్రం!

పక్కనే నఖాదా కాలపు కుండలు, అంటే ఈజిప్టులో పిరమిడ్లకు ముందటి కాలానివి. ఒళ్లు ఎరుపు, మూతి నలుపు. కాల్చేటప్పుడు మూతికి గాలి తగలకపోతే అక్కడ నల్లబడుతుంది. తెలంగాణ రాక్షసగుళ్లలో, అదే పాతకాలపు పెద్దరాళ్ల సమాధుల్లో, దొరికిన కుండలూ ఇలాంటివే. వాటికీ వీటికీ చుట్టరికమేం లేదు, వేల ఏళ్ల ఎడం. ఇంకో రకం జాడీలున్నాయి, పట్టుకోడానికి వంకీల పిడులవి. తరాలు మారేకొద్దీ ఆ పిడి చిక్కి చిక్కి, చివరికి ఒట్టి గీతగా మిగిలింది. ఈ మ్యూజియానికి పేరిచ్చిన పురావస్తు పరిశోధకుడు పెట్రీ దొర ఆ చిక్కడాన్ని పట్టుకునే ఏ సమాధి ముందో ఏది వెనకో వరస కట్టాడు.

నన్ను కదలనివ్వనిది మాత్రం ఒక చేప. అరచేతిలో పట్టేంత, బూడిదరంగు రాతి పలక. తగిలించుకోడానికి పైన చిల్లు. కళ్లకు పెట్టుకునే పచ్చరంగు కోసం మాలకైట్ రాయిని దీనిమీదే నూరేవాళ్లు. నడుమ నూరిన చోట నున్నగా అరిగింది, గరుకులో ఇంకా కాస్త పచ్చ ఇరుక్కుని ఉంది.

కైరోలో ఉన్న నార్మర్ అనే రాజు పలకా ఈ జాతిదే. క్రీ.పూ. 3100 ప్రాంతానిది, 64 సెంటీమీటర్ల పొడుగు, నిండా బొమ్మలు, ఒకవైపు రాజుగారు శత్రువును చావగొడుతూ. మధ్యలో నూరుకునే గుంట వదిలారు గానీ, దానిమీద ఎవరు నూరతారు? నా దృష్టిలో అది ఫ్లెక్సీ. నాకు చేపే నచ్చింది.

సాయంత్రం అమ్మకి ఫోటో పంపి ఫోన్ చేశాను.

"మన గంధం సాన లాంటిదేనమ్మా, ఐదువేల ఏళ్ల పైనాటిది. రంగు కూడా ఇంకా ఉంది."

కాసేపు చూసినట్టుంది. "అంటే వాడాక కడిగి పెట్టలేదన్నమాట," అంది.

దువ్వెన కొనడం మర్చిపోయాను.