మిల్లే పొలంలో వజ్రాల వేట: ఇంతవరకు అయిన పని

పేరున్న పాత బొమ్మలను మన ఊళ్లకు తెచ్చి నవ్వు పుట్టించేలా మళ్లీ వేస్తున్నాను. వాటిలో ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే 1857లో వేసిన పరిగె ఏరుకునే ఆడవాళ్ల బొమ్మను కర్నూలు జిల్లా తుగ్గలి చేనులోకి తెచ్చే పని ముప్పాతిక వంతు అయింది. అసలు బొమ్మలో కోత అయిపోయిన పొలం, రాలిన వెన్నులు ఏరుకునే ముగ్గురు ఆడవాళ్లు ఉంటారు. తొలకరి పడగానే మన జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో వజ్రాల కోసం జనం వంగేది అచ్చం అట్లే. కాబట్టి నడుముల జోలికి పోలేదు. ఒకామె వేళ్ల మధ్య వెన్ను తీసేసి గులకరాయి పెట్టినాను. ఇంకొకామె నడుముకు పాలిథిన్ కవర్ కట్టినాను. దూరంగా కుడివైపు గుర్రమెక్కి అజమాయిషీ చేసే మనిషి ఒకడుంటాడు. వాడిప్పుడు బైక్ మీద కూర్చుని ఫోన్ మాట్లాడే దళారి.

కొలతలు బాగా కలిసొచ్చినాయి. పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉన్న అసలుది 83.5 × 110 సెం.మీ. అంటే దాదాపు 3:4. బజార్లో దొరికే 12 × 16 అంగుళాల కాన్వాస్‌కు కత్తిరింపు లేకుండా సరిపోతుంది. అసలు బొమ్మ ప్రింటు మీద అడ్డం 16, నిలువు 12 గడులు, కాన్వాస్ మీద అంగుళం గడులు. గీతలు పెన్సిల్‌తో పల్చగా గీస్తే చాలు, బాల్‌పెన్ను గీత రంగులోంచి పైకి తేలుతుంది.

నీళ్లతో కలిపే, త్వరగా ఆరే అక్రిలిక్ రంగులతో కర్నూలు ఎండల్లో పెద్ద టెన్షన్, పాలెట్ మీద రంగు కలిపేలోపే పొర కట్టడం. మూత గట్టిగా పట్టే టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద తడిపిన బటర్ పేపర్, ఆ పైన రంగులు పెడుతున్నాను. మూత పెడితే మరుసటి రోజుకూ మెత్తగానే ఉంటాయి. ఫ్యాన్ ఆపాల్సిందే, ఇంట్లోవాళ్లు ఏమన్నా సరే. ఇంకొకటి: అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. అందుకే ప్రతి రంగునూ ముందు అట్టముక్క మీద పూసి, ఆరనిచ్చి, ప్రింటు పక్కన పెట్టి చూస్తున్నాను.

ఈ రకం బొమ్మల్లో నవ్వు ఎక్కడ పుడుతుందంటే, కొత్తగా చేర్చిన వస్తువును కూడా పాత చిత్రకారుడే వేసినట్టు కనిపించడంలో. మిల్లే బొమ్మలో పొద్దు వాలే వెలుతురు ముందున్నవాళ్ల భుజాలు, మెడలు, చేతుల మీద పడుతుంది, దూరమంతా బంగారు దుమ్ములో కరిగిపోతుంది. ఆ దుమ్ములో బైక్ నిలబడాలంటే చువ్వలూ నంబర్ ప్లేటూ వేయకూడదు. చక్రాలకు కూడా నలుపు వాడలేదు. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగులో ఆకాశం రంగు కలిపి రెండే ఛాయల్లో ముగించినాను. తళతళలాడే బైక్ వేస్తే స్టిక్కర్ అంటించినట్టు ఉంటుంది, నవ్వు రాదు. చివర్లో గ్లాస్ (gloss) మీడియం, అంటే రంగులేని మెరుపు ద్రవంలో చిటికెడు ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు కలిపి బొమ్మంతటికీ ఒక పల్చటి పూత వేస్తే పాతదీ కొత్తదీ ఒకే గాలి పీల్చుకుంటాయి.

పక్కన ఏ3 కాగితం మీద ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ 1821లో వేసిన ‘హే వెయిన్’ (గడ్డి బండి) నడుస్తోంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) మందపు కాగితమే వాడాలి, పల్చటిది తడికి అలలు తేలుతుంది. అసలుది 130.2 × 185.4 సెం.మీ., ఏ3కి దింపితే అడ్డంలో 3 మి.మీ. మాత్రమే పోతుంది. స్టౌర్ వాగులో నిలబడిన ఆ బండిని తీసేసి మా కర్నూలు హంద్రీ నదిలో ఇసుక ట్రాక్టర్ పెడుతున్నాను. 1980లో బ్రిటిష్ కళాకారుడు పీటర్ కెన్నార్డ్ ఇదే బండి మీద క్రూయిజ్ క్షిపణులు ఎక్కించినాడు. చెట్లూ నీళ్లూ అట్లే ఉంచినాడు కాబట్టే అది అంత గట్టిగా తగిలింది. ట్రాక్టర్ ఎరుపే ఉండాలి. కాన్‌స్టేబుల్ గుర్రాల మీద పెట్టిన ఎర్ర జీను వల్లే చుట్టూ ఉన్న పచ్చదనం అంతగా లేస్తుంది. నీలం ట్రాక్టర్ పెడితే బొమ్మ చప్పబడిపోతుంది.

వాగును పూర్తిగా ఎండగొట్టి ఇసుక చేద్దామనుకున్నాను. అమ్మ చూసి, "హంద్రీ అంటే అంత చులకనేమిరా? 2009 మర్చిపోయినావా?" అనింది. ఆ అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరిమీద పడ్డాయి. అందుకని ఇసుక ఇసుకగానే ఉంచి, ఎడమవైపు ఇంటి గోడ మీద కిటికీల ఎత్తున వరద గీత ఒకటి లాగినాను. రా అంబర్ అనే మట్టి గోధుమరంగులో నీళ్లు ఎక్కువ కలిపి, పై అంచు మాత్రం గట్టిగా. ఒడ్డునున్న కుక్కను ముట్టుకోలేదు, అది ఏ ఊరికైనా సరిపోతుంది.

జర్మన్ చిత్రకారుడు ఫ్రీడ్రిష్ వేసిన, పొగమంచు పైన కొండ అంచున నిలబడిన బాటసారిని గండికోట అంచుకు తెచ్చి సెల్ఫీ స్టిక్ ఇద్దామని కొందరు అడిగినారు. వద్దనుకున్నాను. చూడకముందే తెలిసిపోయే జోకు అది.

తర్వాతిది ఫ్లెమిష్ చిత్రకారుడు బ్రూగెల్ 1565లో వేసిన ‘మంచులో వేటగాళ్లు’. మంచు స్థానంలో బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ పొడి. పైకప్పులూ చెట్లూ తెల్లగా ఉండేందుకు అక్కడ చలికాలం అక్కర్లేదు. అసలుది 117 × 162 సెం.మీ., మామూలు రెడీమేడ్ కాన్వాస్‌కు సరిగ్గా కుదరదు. 13 × 18 అంగుళాల ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసే) పలక వడ్రంగి దగ్గర కోయించి, రెండు వైపులా జెస్సో, అంటే రంగుకు ముందు వేసే తెల్ల పూత, పూయాలి. ఒకవైపే పూస్తే పలక వంగుతుంది.