దాళ్వా కోతల తర్వాత మా ఊరి టీమ్: పిచ్, ఓటమి, బరకాలు

ఏప్రిల్ చివర, చేలో

కోనసీమలో క్రికెట్‌కి రెండే సీజన్లు. ఒకటి సంక్రాంతి. రెండోది దాళ్వా (రబీ వరి) కోతలై, కాలువలు కట్టేసిన దగ్గర్నుంచి సార్వాకి (ఖరీఫ్‌కి) మళ్ళీ నీళ్ళు వదిలేదాకా. సంక్రాంతి ఆట హైదరాబాద్ నుంచి దిగినవాళ్ళది. అల్లుళ్ళు, బావమరుదులు, మైకు, మధ్యలో కోడిపందేల కబుర్లు. ఊళ్ళో ఉండేవాళ్ళతో అసలు టీమ్ తయారయ్యేది మాత్రం వేసవిలోనే.

ఈసారి చేను ఇచ్చింది మా కీపర్ వాళ్ళ పెదనాన్న గారు. కోత మిషన్ వెళ్ళిపోయాక జానెడు ఎత్తున దుబ్బులు మిగులుతాయి. బౌండరీ దాకా అన్నీ పీకక్కర్లేదు, నాలుగు రోజులు ఆడితే అవే నలిగిపోతాయి. పిచ్ జాగాలో మాత్రం పారతో వేళ్ళతో సహా చెక్కెయ్యాలి. వేరు లోపల ఉండిపోతే కుళ్ళి, అక్కడ గుంట పడుతుంది.

కొలతలు అడిగేవాళ్ళ కోసం రాస్తున్నాను. వికెట్ల మధ్య 22 గజాలు, అంటే 66 అడుగులు. పిచ్ వెడల్పు 10 అడుగులు. స్టంప్స్ ఎత్తు 28 అంగుళాలు, మూడూ కలిపి 9 అంగుళాల వెడల్పు. వాటికి 4 అడుగుల ముందు బ్యాటింగ్ క్రీజు. కొలవడానికి కొబ్బరి తాడు వాడొద్దు, తడిస్తే కొలత మారిపోతుంది. మేం నైలాన్ తాడుకి 66 అడుగుల దగ్గర ముడి వేసి ఉంచుకున్నాం. క్రీజు వంకర పోకుండా, ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు పట్టే 3, 4, 5 అడుగుల మూలమట్టం లెక్క చాలు. గీతకి సున్నం కంటే ముగ్గుపిండి మేలు. డైవ్ చేసినవాడి కళ్ళల్లో పడినా సున్నమంత మంట ఉండదు.

పిచ్‌కి నీళ్ళు పెట్టి, అది ఆరకుండానే మేం రోలర్ లాగుతుంటే పెదనాన్న గారు గట్టు మీద నిలబడి చూశారు. ఆయనకి క్రికెట్ అంటే ఏమిటో పట్టదు, టీవీలో కూడా చూడరు. "ఏరా, కళ్ళం చెయ్యడం మీలో ఒక్కడూ చూళ్ళేదంట్రా?" అన్నారు. మిషన్లు రాకముందు కుప్పలు నూర్చడానికి ప్రతి రైతూ చేలోనే కళ్ళం చేసుకునేవాడు. గింజ మట్టిలో దిగకూడదు కాబట్టి నేల బిగిసి ఉండాలి, పెళ్ళలు లేవకూడదు. మాకు కావలసిందీ అదే. అక్కణ్ణుంచి పని ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది.

ఆయన చేయించిన పద్ధతి ఇది. నీళ్ళు సాయంత్రం పెట్టి రాత్రంతా ఇంకనివ్వాలి. పొద్దున్న బొటనవేలితో నొక్కితే నొక్కు పడాలి గానీ వేలికి మట్టి అంటకూడదు. అంటితే ఇంకో పూట ఆగాలి. రోలర్‌కి మట్టి పట్టకుండా పైన పల్చగా ఊక చల్లాలి. మా రోలర్ 200 లీటర్ల ఇనప డ్రమ్ము, మధ్యలోంచి ఒక ఇనప కడ్డీ. నిండా నీళ్ళు పోస్తే 200 కిలోల పైమాటే, ఇసుక పోస్తే 300 దాటుతుంది. మొదట నీళ్ళతో లాగాలి, నేల బిగిశాక ఇసుకతో. ముందే ఇసుక పోస్తే డ్రమ్ము దిగబడి గాడి పడుతుంది. ఆఖరికి పల్చటి పేడనీళ్ళతో అలకాలి.

నల్లమట్టి ఎండకి బీటలు తీస్తుంది. బీటల్లో ఇసుక నింపితే బంతి పడ్డప్పుడల్లా పైకి రేగుతుంది. గోదావరి లంకలోంచి తెచ్చిన ఒండ్రుని జారుగా కలిపి పోసి, పైన ఒక రోజు తడి గోనె కప్పితే నిలబడుతోంది. ఉన్నట్టుండి వాన పడితే పిచ్ మీద కప్పడానికి చందా వేసుకుని ఒక పెద్ద బరకం (టార్పాలిన్) కొన్నాం.

పిచ్ బాగా కుదిరింది. బంతి సమంగా వస్తుంది, మోకాలు దాటదు. ముందు కాలు వేసి ఊపితే చాలు, కొబ్బరి తోటలో పడుతుంది. తోటలో పడితే రెండు పరుగులు, మురుగు కాలువలో పడితే అవుట్. కాలువ రూలు ఎందుకంటే, టెన్నిస్ బంతి నీళ్ళు పీల్చి బరువెక్కితే ఆ రోజుకి ఇక పనికిరాదు.

మే, మ్యాచ్ రోజు

నాలుగు జట్ల లీగ్, మనిషికి పది ఓవర్లు కాదు, జట్టుకి పది ఓవర్లు. (ఈ మాట మా వాళ్ళకే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.) పైనున్న రెండు జట్లు సెమీస్‌కి. మా మొదటి మ్యాచ్ ఏటిగట్టు పక్కనున్న ఊళ్ళో.

అక్కడ పిచ్ సిమెంటుది. దాంతోనే సగం కథ అయిపోయింది.

మొదట వాళ్ళు బ్యాటింగ్. మధ్యాహ్నం దాటితే మా వైపు సముద్రం మీంచి గాలి లేస్తుంది. ఆ గాలి ఎటు పోతుందో వాళ్ళకి కంఠతా వచ్చు. మంచి బంతి, చెడ్డ బంతి అని లేదు, అన్నీ గాలివాటున గట్టు వైపే లేపారు. మా మంచి ఫీల్డర్లు ఇద్దరూ అవతలి పక్క ఖాళీగా నిలబడ్డారు. గాల్లో తిరిగిన బంతి కింద మూడు క్యాచ్‌లు జారాయి. నిలబడింది మా ఫాస్ట్ బౌలర్ ఒక్కడే. కొబ్బరి ఒలుపు పని అతనిది. రోజంతా నేలలో పాతిన గునపం మీద కాయలు ఒలిచిన మణికట్టు కదా, సిమెంటు మీద అతని బంతి ఛాతీ దాకా లేచింది. రెండు ఓవర్లలో 11 పరుగులిచ్చి రెండు వికెట్లు తీశాడు. మొత్తం మీద వాళ్ళ స్కోరు 112.

మా బ్యాటింగ్ గురించి ఎక్కువ రాయడానికి లేదు. మోకాలి ఎత్తు బంతికి అలవాటైన చేతులు, ఛాతీ ఎత్తు బంతికి అదే ఊపు ఊపాయి. పైఅంచు తగలడం, కీపర్ పట్టడం. ఏడో ఓవర్ మొదట్లోనే 61 దగ్గర తొమ్మిదో వికెట్ పడింది.

అప్పుడు మిగిలింది ఇంటర్ చదివే కుర్రాడు, ఆటో నడిపే మా బాబాయి. బాబాయి పదకొండో నంబరు. అప్పటిదాకా చెట్టు కింద స్కోరు రాస్తున్నాడు, పెన్ను చెవి మీద అలాగే పెట్టుకుని వెళ్ళాడు. మైకులో వాళ్ళ కామెంటేటర్, "కానివ్వండి బాబూ, మజ్జిగ వేడెక్కిపోతోంది" అని ఒకటే వాయింపు.

గెలుపు ఎలాగూ లేదు కదా, ఎందుకు ఆడటం అనుకోవచ్చు. కానీ లీగ్‌లో రన్ రేటు ఉంది, పాయింట్లు సమానమైతే అదే చూస్తారు. ఆలౌట్ అయితే ఎన్ని ఓవర్లు ఆడినా పది ఓవర్లూ ఆడినట్టే లెక్క. 61కి ముగిస్తే ఓవరుకి 6.1, వాళ్ళది 11.2, తేడా మైనస్ 5.1. అక్కణ్ణుంచి చేర్చే ప్రతి పరుగూ ఆ లోటుని తగ్గిస్తుంది. ఈ లెక్క మా అందరికంటే ముందు కువైట్‌లో ఉన్న మా పాత ఓపెనర్‌కి తట్టింది. బ్యాట్లకి డబ్బు పంపింది అతనే, అందుకని ప్రతి మ్యాచ్ వీడియో కాల్‌లో చూపించాలి. ఫోన్ లోంచి "రన్ రేట్రా! అవుటవకండ్రా!" అని ఒకటే అరుపు.

బాబాయి ఒక్క భారీ షాట్ కొట్టలేదు. లేచిన బంతిని ఛాతీతో ఆపాడు, భుజంతో ఆపాడు. ప్రతి బంతికీ ముందుకొచ్చి బ్యాట్‌తో పిచ్‌ని తట్టి వెళ్ళేవాడు. సిమెంటు మీద తట్టడానికి ఏముంటుంది? అవతల కుర్రాడు నవ్వాపుకోలేక ఒకసారి సింగిల్ కూడా మర్చిపోయాడు. అలా పదో ఓవర్ ఆఖరి బంతి దాకా ఇద్దరూ నాటౌట్. స్కోరు 78. ఓడింది 34 పరుగుల తేడాతో, రన్ రేటు మైనస్ 3.4.

ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో హనుమ విహారి ఫోటో పెట్టారు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో, తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో 161 బంతులాడి 23 నాటౌట్‌గా నిలిచిన మన కాకినాడ కుర్రాడు. అవతల అశ్విన్. మ్యాచ్ డ్రా. దాని కింద బాబాయి, "161 ఆడేద్దును గానీ మనకిచ్చేదే 60 కదండీ" అని పెట్టాడు.

ఈ నవ్వులన్నీ ఆ తర్వాతి మాట. అంతకుముందు గ్రూప్‌లో పెద్ద గొడవే అయింది. జారిన క్యాచ్‌లు ఎవరివి, ఫీల్డింగ్ ఎవరు పెట్టారు అని మొదలై, సంక్రాంతి నాటి ఎంట్రీ ఫీజు బాకీల దాకా వెళ్ళింది. మా వైస్ కెప్టెన్ ఒక్క మాట రాయకుండా గ్రూప్ లోంచి వెళ్ళిపోయాడు.

ఆ వారం, వాన

సిమెంటు మీద ప్రాక్టీస్ లేకపోతే మిగతా మ్యాచ్‌లూ ఇంతేనని అందరికీ అర్థమైంది. ఊళ్ళో సిమెంటు నేల ఉన్నది ఒక్కచోటే, ధాన్యం ఆరబెట్టుకునే కళ్ళం. దాని నిండా పెదనాన్న గారి ధాన్యం. తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆయనది ఇంకా దిగలేదు. బస్తాలకెత్తేదాకా మాకు జాగా లేదు.

బుధవారం రాత్రి ఉరుములు మొదలయ్యాయి. మా కీపర్ గ్రూప్‌లో "కళ్ళం" అని ఒక్క మాట పెట్టాడు. మేం వెళ్ళేసరికి గాలి దుమారం. ధాన్యాన్ని రాశి చెయ్యాలి, కప్పాలి, అంచుల మీద బరువు పెట్టాలి. ఆయన దగ్గరున్న బరకాలు రెండూ చిరుగులే. పిచ్ మీదున్న పెద్ద బరకం తెద్దామా అని ఎవరూ అడగలేదు. ఫాస్ట్ బౌలర్, ఇంటర్ కుర్రాడు అప్పటికే చేలోకి పరిగెత్తారు. దాన్ని తెచ్చి రాశి మీద పరిచి, అంచుల మీద రోలర్ లోని ఇసుకే బస్తాల్లో పోసి పెట్టాం. చీకట్లో రెండో అంచు పట్టుకున్నది ఎవరా అని ఫోన్ లైటు వేస్తే, మా వైస్ కెప్టెన్. గ్రూప్‌లో లేడు కాబట్టి మెసేజ్ చేరలేదు. వాళ్ళమ్మ గారు లేపి పంపారట. తెల్లారి చూస్తే గ్రూప్‌లో మళ్ళీ ఉన్నాడు. ఎవరు యాడ్ చేశారో ఎవరూ మాట్లాడలేదు, ఎంట్రీ ఫీజు సంగతి కూడా.

రాశి అడుగున ఓ మూల తడిసింది, మిగతాదంతా నిలబడింది. పిచ్ మాత్రం పోయింది. పేడ పొర కరిగి, ఊక తేలి, మధ్యలో చెంబెడు నీళ్ళు నిలబడ్డాయి.

శనివారానికి తేమ దిగింది. బస్తాలు లారీకెక్కించడానికి టీమ్ అంతా వెళ్ళాం. కూలి ఇవ్వబోతే వద్దన్నాం. పెదనాన్న గారు కళ్ళం తాళంచెవి కెప్టెన్ చేతిలో పెట్టి, "కొత్త ధాన్యం వచ్చేదాకా మీదే. అద్దాలు పగలగొడితే మాత్రం ఊరుకోను, ఆయ్" అన్నారు.

సిమెంటు మీద ప్రాక్టీస్

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి. సిమెంటు మీద స్టంప్స్ నిలబడవు కాబట్టి, పడిపోయిన కొబ్బరి చెట్టు మొద్దు ముక్కకి వడ్రంగి చేత మూడు చిల్లులు పెట్టించాం. స్టంప్స్ అందులో దింపితే బంతి తగిలినా మొద్దు కదలదు.

కొత్త బంతుల నూగు సిమెంటు మీద తొందరగా పోతుంది. అందుకని ప్రాక్టీస్‌కి బోడిబంతులే, కొత్తవి మ్యాచ్‌కి. బోడిబంతిని తడిపి విసిరితే ఇంకా జారి వేగంగా వస్తుంది. 22 గజాల నుంచి కాకుండా 16 గజాల నుంచి, చెయ్యి ఎత్తి విసరడం. బ్యాటర్ వెనక కాలు మీదకి వెళ్ళి బంతిని కిందికి ఆపాలి, ఊపకూడదు. గాల్లోకి లేపితే బ్యాట్ పక్కవాడికి ఇచ్చెయ్యాలి. మొదటి రోజు బ్యాట్ చేతులు మారినంతగా బంతి మారలేదు. ఇప్పుడు కాస్త నయం. మా ఓపెనర్ ఒకడికి మాత్రం ఇంకా ముందు కాలే పడుతుంది. అతన్ని మూడో నంబరుకి దించాలని నా అభిప్రాయం, కెప్టెన్ ఒప్పుకోవట్లేదు.

క్యాచ్‌లు మధ్యాహ్నం గాలి లేచాకే. పొద్దున్న పట్టిన క్యాచ్‌ల వల్ల లాభం లేదు. గాలికి ఎదురుగా ఒకళ్ళు లేపుతారు, బంతి ఎక్కడ దిగుతుందో అనుకున్న చోటికి రెండడుగులు అవతల నిలబడటం అలవాటు చేసుకుంటున్నాం. ఇక నుంచి టాస్ ముందు కెప్టెన్ గుప్పెడు ఊక గాల్లోకి విసిరి చూడాలి, ఫీల్డింగ్ ఆ తర్వాతే.

చేలో పిచ్ కూడా మళ్ళీ చేస్తున్నాం. పైపొర చెక్కేసి నీళ్ళు పెట్టాం, వేలి పరీక్ష ఇంకా పాస్ కాలేదు. మిగిలిన రెండు మ్యాచ్‌లూ గెలవాలి. రెండింట్లో కలిపి 34 పరుగుల ఆధిక్యం వస్తే రన్ రేటు సున్నాకి చేరుతుంది.

బాబాయిని నాలుగో నంబరులో ఆడించాలని అందరం అనుకున్నాం. ఆయన మాత్రం పదకొండే బాగుంది, నీడలో కూర్చుని స్కోరు రాసుకుంటానంటున్నాడు. స్కోరు రాయడానికి ఇంకొకళ్ళని చూపిస్తే ఆలోచిస్తాడట. తప్పుల్లేకుండా వైడ్లు, నోబాల్స్ లెక్క రాయగలిగినవాళ్ళ కోసం ఊళ్ళో వెతుకుతున్నాం.