చండీగఢ్ రాక్ గార్డెన్‌లో గాజుల బొమ్మలు

కిటికీ అద్దానికి వాడే గాజుకూ, చేతికి వేసుకునే గాజుకూ తెలుగులో ఒకటే మాట. ఆ రెండు అర్థాలూ ఒక్కచోట కలవడం నేను చండీగఢ్ రాక్ గార్డెన్‌లో చూశాను. పోయిన శీతకాలం అమ్మతో ఉత్తరాది యాత్రకు వెళ్లినప్పుడు, సుఖ్నా సరస్సు చూసుకుని, దగ్గరలోనే ఉన్న ఆ తోటకు ఉదయం పూటే చేరుకున్నాం.

దాన్ని నిర్మించిన నేక్‌చంద్ సైనీ శిల్పకళ చదువుకున్నవారు కారు, రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన ప్రభుత్వోద్యోగి. దేశ విభజనలో సొంత ఊరు పాకిస్థాన్‌కు పోగా ఇటు వచ్చిన ఆయన, కొత్త నగరం కోసం కూల్చిన పల్లెల శిథిలాలనూ, జనం పారవేసిన వస్తువులనూ సైకిల్ మీద చేరవేసుకుంటూ, 1950ల చివరి నుంచి ఏళ్ల తరబడి అడవిలోని ప్రభుత్వ స్థలంలో రహస్యంగా ఈ పని చేశారు. అనుమతి లేని ఆ నిర్మాణం అధికారుల కంటపడినా కూల్చివేతను తప్పించుకుని, 1976లో సందర్శకులకు తెరుచుకుంది. ప్రభుత్వం 1984లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

జలపాతాలను, ఊయలలను తొందరగానే దాటేశాం. గాజు ముక్కలు పొదిగిన ఆడబొమ్మల వరుస దగ్గర మాత్రం అమ్మ ఆగిపోయింది. లోపల ఇనుప చట్రం, దాని మీద సిమెంటు, ఆ సిమెంటు ఆరకముందే ఒత్తిన వందల పగిలిన గాజులు. ఒక బొమ్మను వంగి చూశాను. ఎరుపు, పచ్చ ముక్కలు ఒక్కొక్కటీ గోటి పొడవున్నాయి. ముక్కలైనా వాటి వంపు పోలేదు. ఒకటి రెండు ఊడిపోయినచోట సిమెంటులో నెలవంకలాంటి గాడి మిగిలింది. కరిగించి కొత్త రూపం పోస్తే ఆ వంపు ఉండేది కాదు. పాత వస్తువును పాత వస్తువుగానే ఉంచి బొమ్మకు చీర కట్టడంలోనే ఆయన గొప్పతనం ఉందని నా నమ్మకం.

మా ఇంట్లో గాజు పగిలిందని అనకూడదు, చిట్లిందనాలి. ముక్కలు కాలికి గుచ్చుకోకుండా ఏరి చెట్టు మొదట్లో వేసేది అమ్మమ్మ. ఆ సంగతి అమ్మే గుర్తుచేసి, "ఇన్ని చేతుల గాజులు ఎవరు ఏరారో" అంది.

అక్కడి గుమ్మాలు కావాలనే తక్కువ ఎత్తులో కట్టినవి. తిరిగి వస్తూ అమ్మ తల వంచి, రాతిగోడకు తగలకుండా గాజుల చేతిని గుండెకు దగ్గరగా పెట్టుకుని, మెల్లగా ఇవతలికి వచ్చింది.