రెండు టికెట్ కిటికీల ఇల్లు

డిపో కొన్నామని ఫోన్లో చెబితే అమ్మ కంగారుపడింది. ఆమెకు డిపో అంటే ఆర్టీసీ డిపో, లేదంటే రేషన్ డిపో. అమెరికాలో పాత రైల్వే స్టేషన్‌ని 'డీపో' అంటారు, దీర్ఘం తీసి మరీ. జార్జియాలో, అట్లాంటాకి గంటన్నర దూరంలో ఉన్న ఓ చిన్న ఊరి చెక్క స్టేషనే ఇప్పుడు మా ఇల్లు. రైల్వే కంపెనీ బిల్డింగు అమ్మింది గానీ కింద నేల అమ్మలేదట. మాకంటే ముందు కొన్నాయన దాన్ని ఉన్నదున్నట్టే ఎత్తించి, రోడ్డవతల తన స్థలంలోకి జరిపించుకున్నాడు.

సరుకులు దించే గూడ్స్ రూము మా హాలు. పక్కకు జరిపే ఆ పెద్ద తలుపులు ఇద్దరు లాగితే గానీ కదలవు, చలికాలంలో ఎంత హీటరు పెట్టినా గది వేడెక్కదు. ఇక్కడ 1978కి ముందు కట్టిన ఇల్లు అమ్మేటప్పుడు, సీసం కలిసిన రంగు ఉండొచ్చని కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం చదివిన దగ్గర్నుంచి, పాత రంగు తీయించేదాకా పిల్లల్ని గోడ ముట్టుకోనివ్వలేదు. అదో టెన్షన్.

వచ్చిన చుట్టాలందరూ "ఈ పాత కొంప ఏంటే" అన్నవాళ్లే. నాన్న మాత్రం చెప్పులు విప్పి తిన్నగా ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ దగ్గరకు వెళ్లి కూర్చున్నారు. ఆయన గూడూరు లైన్లో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. కుర్చీలోంచి లేవకుండా రెండు వైపులా పట్టాలు కనబడాలని గోడని అలా ముందుకు కట్టారని నేను చెప్పకముందే ఆయనే చెప్పారు. గోడకి తగిలించిన కర్ర రింగు చూసి, "ఇది మన టోకెన్ రింగు కదే!" అన్నారు. అచ్చం అదే కాదు. మన దగ్గర ఒకప్పుడు సింగిల్ లైన్లో బండి వెళ్లాలంటే ఆ రింగు సంచిలో అనుమతిగా టోకెన్ ఉండాల్సి వచ్చేది. ఇక్కడ ఆర్డరు రాసిన కాగితం పెట్టి పైకెత్తి పట్టుకుంటే, ఇంజన్లోని మనిషి బండి ఆపకుండానే చేయి చాచి అందుకునేవాడు. వారంపాటు మా వాడు వరండాలో రైలై పరుగెత్తాడు, తాతయ్య రింగు అందించారు. తాతయ్య దగ్గర వాడు నేర్చుకున్న మొదటి మాట 'లైన్ క్లియర్'. అది తెలుగు కాదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

టికెట్ గదికి రెండు కిటికీలున్నాయి. ఒకటి పెద్ద వెయిటింగ్ రూములోకి, ఇంకోటి చిన్నదానిలోకి. రెండెందుకున్నాయో ఇల్లు కొన్న రోజే నాకు తెలుసు. పిల్లలకు చెప్పలేదు. చిన్న గదిలో చెప్పుల స్టాండు పెట్టుకున్నాం.

పదేళ్ల మా అమ్మాయి ఓ సాయంత్రం షూస్ విప్పుతూ, "ఇది నల్లజాతి వాళ్ల గదా?" అంది. స్కూల్లో పాఠం అయింది. అవునన్నాను. తెలిసిందంతా చెప్పాను: రాష్ట్రాలు దాటి వెళ్లే ప్రయాణికుల్ని ఇలా విడదీయకూడదని అప్పట్లో రైళ్లు, బస్సుల్ని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ 1955 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది, 1956 జనవరి 10 నుంచి అమలు కావాలంది, ఆ తర్వాత కూడా చాలాచోట్ల వేరు గదుల బోర్డులు దిగలేదు. చెబుతున్నంతసేపూ 'వాళ్లు' అంటూనే ఉన్నాను. వాళ్లు కట్టారు, వాళ్లు విడదీశారు. మనం తర్వాతెప్పుడో వచ్చినవాళ్లం కాబట్టి చెప్పడం ఎంత తేలికో.

"తాతయ్యా, మీ స్టేషన్లో ఎన్ని గదులుండేవి?"

ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసు అని నాన్న తప్పించుకోవచ్చు. నేనైతే అదే చేసేదాన్ని. ఆయన కాసేపు రింగు తిప్పుతూ కూర్చున్నారు.

"నేను ఉద్యోగంలో చేరేనాటికి లేవు తల్లీ. బ్రిటిష్ వాళ్ల కాలంలో స్టేషన్లలో హిందువులకి వేరే నీళ్లు, ముస్లిములకి వేరే నీళ్లు. మద్రాసు వైపు స్టేషన్ హోటళ్లలో బ్రాహ్మలకో గది, మిగతావాళ్లకో గది. మా నాన్న చెప్పేవారు."

"ముత్తాత ఏ గదిలో తినేవారు?"

"మొదటి గదిలో."

"ఆయన ఫ్రెండ్స్?"

నాన్న నా వైపు చూశారు. నేను షూస్ సర్దుతున్నట్టు వంగాను. ఆయన లేచి వెళ్లి కిటికీలో కూర్చుని పట్టాల వైపు చూడటం మొదలుపెట్టారు. గూడ్స్ రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది.