ఇనుము నీళ్ళు, కరక్కాయ, మన డ్రాయింగ్ మేడం

మన స్కూలు బ్యాచ్ అంతా మళ్ళీ కలుస్తా ఉండాం కదా, ఆ కమిటీ వాళ్ళు గ్రూపులో మూడుసార్లు అడిగినారు, బడి రోజుల గురించి ఏదో ఒకటి రాయమ్మా, రెండు పేజీలు చాలు అని. రాద్దామని కూర్చుంటే ఆరు, ఏడు, ఎనిమిది క్లాసులు ఎట్ల గడిచినాయో ఒక్క ముక్క గుర్తు రాలేదు. తొమ్మిదో క్లాసు మాత్రం, అదీ మేడం తోటలో గడిచిన రోజులు, నిన్న మొన్నటి మాదిరి ఉండాయి. లెక్కల సార్ గొడుగు సంగతి ఎట్లాగూ ఎవరో ఒకరు రాస్తారు, నేను మేడం గురించే రాస్తా.

సైకిల్ స్టాండు వెనకాల ఆ జాగా ఎట్లుండేదో మీకు తెలుసు కదా, గునపం వేస్తే టంగుమని పైకి ఎగిరేది. చేతులు బొబ్బలెక్కినాయని మనం మొత్తుకుంటే మేడం అక్కడే రాయి మీద కూర్చోని అనంతాళ్వార్ కత చెప్పింది. తిరుమల కొండమీద స్వామి పూలతోట కోసం ఆయన, కడుపుతో ఉన్న ఆయన భార్య చెరువు తవ్వడం, సాయం చేయొచ్చిన పిలగాడి మీద కోపంతో గునపం విసిరితే గడ్డానికి తగలడం, అందుకే ఈరోజుకీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెట్టడం. ఆ గునపం మహాద్వారం దగ్గర ఇప్పటికీ ఉందని చెప్పి, "పూలతోటకు గునపం పట్టినోళ్ళని స్వామి మర్చిపోడు, తవ్వండి" అనింది. మూడో బెంచీ బ్యాచ్ ఆరోజు సాయంత్రం దాకా తవ్వినారు.

బంతి, నందివర్ధనం, గోరింట, దానిమ్మ, మూలన పొగడ. అందరూ పూలు చూస్తే మేడం ఆకు నలిపి వాసన చూసేది, తొక్క గీరి వేలిమీద రంగు చూసేది. ఆమెది కాళహస్తి పక్క కదా, గుడ్డమీద కలంతో బొమ్మలేసే కలంకారీ ఇంట్లోనే చూసి పెరిగింది. 1950ల్లో చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో కాళహస్తిలో ట్రైనింగ్ సెంటర్ పెట్టకపోయుంటే ఆ పని ఎప్పుడో పోయుండేదని చాలాసార్లు చెప్పేది. బంతిపూలు ఉడకబెట్టి పటిక వేసి పసుపు, దానిమ్మ తొక్కతో ఇంకో పసుపు చేసి చూపించింది. మనకు నలుపు కావాలి.

అప్పుడే కదా అందరూ ఇళ్ళల్లోనించి తుప్పు మేకులు, విరిగిన గడియలు తెచ్చింది, కుండలో బెల్లం కలిపి నీళ్ళు పోసి మూత కట్టింది. మనోళ్ళలో ఒకడికి బెల్లం అని పేరొచ్చింది ఆ వారమే. ఇరవై రోజులు ఆ కుండ స్టాఫ్ రూం కిటికీ కింద పులిసింది. ఆ వాసనకు ఎవరెవరు ఏమేమి అన్నారో ఇక్కడ వద్దులే, మేడం మాత్రం ఒక్క మాట తిరిగి అనలేదు, రోజూ పొద్దున మూత తీసి కర్రతో కలిపి మళ్ళీ కట్టేది.

మూత తీసిన రోజు నీళ్ళు నల్లగా లేవు, డికాషన్ మాదిరి ఉండాయి. ప్రాణం ఉసూరుమనింది. మేడం సంచిలోనించి గుడ్డ తీసింది, కరక్కాయ పొడి, బర్రెపాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెట్టిన గుడ్డ, కొంచెం బిరుసుగా, లేత పసుపుగా. వెదురుపుల్ల కొనకు కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలం నా చేతికిచ్చింది. ఉన్ని ముంచి మెల్లగా నొక్కితే చుక్క పుల్లమీదగా జారి గుడ్డమీద పడింది. ముందు బూడిదరంగు, గీత పూర్తయ్యేలోపల నల్లబడిపోయింది, కాటుక మాదిరి. పక్కకు వెంట్రుకవాసి కూడా పాకలేదు. నా వెనక ముప్ఫై మంది ఊపిరి బిగబట్టినట్టు అయింది. ఇనుముకీ కరక్కాయలో వగరుకీ పొత్తు కుదిరిందని మేడం అనింది, ఆ వగరునే టానిన్ అంటారని ఇంటర్ కెమిస్ట్రీలో చదివినప్పుడు నాకు ఆ కుండ వాసన వచ్చింది.

పదో క్లాసు, ఇంటర్, డిగ్రీ, పెళ్ళి, అన్నీ అయినాయి. ఇప్పుడు తిరుపూర్‌లో గుడ్డలకు రంగులేసే ఒక డైయింగ్ యూనిట్‌లో ల్యాబ్ నేనే చూసుకుంటా, నా కింద పదకొండు మంది. మూడేళ్ళ కిందట సహజ రంగుల ఆర్డరొకటి వచ్చింది, గీసిన నల్లగీత గుడ్డమీద పాకిపోతా ఉంది, మెషిన్లు మార్చినా ఆగలేదు, ఇంజినీర్లు తలలు పట్టుకోని కూర్చున్నారు. నేను రెండు లీటర్ల బర్రెపాలు తెప్పించినా. పాలల్లో కొవ్వు రంగును పాకనియ్యదు. ఆర్డర్ నిలబడింది. ఓనర్ అందరి ముందరా లేచి చప్పట్లు కొట్టినాడు, నేను మాత్రం ఆ గుడ్డ ముక్క ఒకటి చీరల మధ్యన పెట్టుకోని తిరుపతి బస్సెక్కినా.

మేడం మంచంమీద ఉండింది అప్పటికే, చూపు బాగా తగ్గిపోయింది. గుడ్డ ముక్క చేతికిస్తే వేళ్ళతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకోని చాలాసేపు వాసన చూసింది. "పాలు చిక్కగా పోసినట్టుండావు పాపా, కొన్ని నీళ్ళు కలపాల్సింది" అనింది. ఆ తర్వాత నాలుగు నెలలకి పోయింది, నేను చివరి చూపుకు అందుకోలేకపోయినా. ఇప్పుడు నీళ్ళు కలిపే పోస్తా ఉండా.

కమిటీకి ఒక మనవి. షామియానా సైకిల్ స్టాండు వెనకాల వేస్తామని విన్నా. గుంజలకోసం పొగడచెట్టు కొమ్మలు కొట్టొద్దు. పొద్దున్నే కింద ఊడవనీయొద్దు, రాలిన పూలు అట్లే ఉండనీండి. దారం నేను తెస్తా.