యార్డుకు సెలవులు, సముద్రానికీ సెలవులు

సూర్యలంక, మంగళవారం రాత్రి

గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చి వారం దాటింది. కమీషన్ కొట్టులో లెక్కలు రాసే నాకు ఏడాది మొత్తంలో సెలవు అని చెప్పుకోదగినది ఈ ఒక్క నెలే. అందులోనూ మొదటి వారమంతా మిగిలిపోయిన అమ్మకం పట్టీలు సరిచూడటానికి, రైతుల బాకీలు, జమలు తేల్చడానికే సరిపోయింది. నిన్న సాయంత్రం అమ్మను, నా భార్యను వెంటబెట్టుకొని బాపట్ల వరకు రైలులోను, అక్కడి నుంచి 9 కిలోమీటర్లు ఆటోలోను వచ్చి ఇక్కడ సముద్రం ఒడ్డున దిగాను.

తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చింది. కిటికీ అవతల ఆగకుండా వినిపిస్తున్న హోరు సరుకు లారీలదనుకొని, ఎన్ని బండ్లు వచ్చాయో చూడాలన్న తొందరలో మంచం దిగి చెప్పులు కూడా వేసుకున్నాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నా రాత్రులు అలాగే గడిచాయి మరి. ముమ్మరంగా సరుకు వచ్చే రోజుల్లో యార్డుకు లక్షకు పైగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి. ఒక్కొక్కటి 40 కిలోల పైచిలుకు తూగే ఆ టిక్కీల మధ్య మనిషి నడవడానికి జానెడు దారి ఉండదు. తేజ రకం ఒక పక్క, 334 రకం ఒక పక్క, రంగు పోయిన తాలు కాయలు వేరొక పక్క, కాటా దగ్గర హమాలీల కేకలు, వీటన్నిటి మీదా గాలిలో తేలే ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ములో కొత్తవాడు పది నిమిషాలు నిలబడలేడు. మేమూ నిలబడలేము గాని, తుమ్ముతూ పని చేసుకోవడం నేర్చుకున్నాము.

ఐదున్నర దాటాక సూర్యుడు పైకి వచ్చాడు. అప్పటికి ఆటు మీద ఉన్న సముద్రం వెనక్కి జరిగి, తడి ఇసుక నున్నగా బయటపడింది. దాని మీద గోరంత పీతలు బొరియ చుట్టూ తిరుగుతూ, ఇసుకను నోటితో జల్లించి అందులోని మేత తిని, మిగిలినదాన్ని చిన్న చిన్న ఉండలుగా చేసి వరుసలు పేరుస్తున్నాయి. పోటు వచ్చిందంటే ఆ ఉండలన్నీ కరిగిపోతాయి. తమాషా ఏమిటంటే, నేను తెలియకుండానే ఆ వరుసలను లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభై దాకా వెళ్లి, సిగ్గుపడి మానుకున్నాను.

ఆ తరువాత స్నానానికి దిగితే ఉప్పునీరు వేళ్ల సందుల్లో నిప్పులా మండింది. నాలుగు నెలలుగా నమూనా కాయలు తుంచి చూసీ చూసీ వేళ్ల చర్మం పగిలి ఉన్న సంగతే మరచిపోయాను. మిరప ఘాటు నీళ్లకు లొంగే రకం కాదు, నూనెకైతే విడుస్తుంది. గట్టుకు రాగానే అమ్మ తన సంచిలోని కొబ్బరినూనె సీసా తీసి, "ఇటు ఇవ్వరా చేతులు" అంటూ చిన్నప్పటిలాగానే ఒక్కొక్క వేలికీ రాసింది. యాభై దగ్గరపడుతున్న కొడుకు చేతులు నలుగురిలో పట్టుకొని కూర్చోవడం ఆమెకేమీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

కొంచెం దూరంలో ఇంజను పడవలు ఇసుక మీదికి లాగి ఉన్నాయి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, వాటికి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ రెండు నెలలు సముద్రానికి కూడా సెలవే. ఒక పడవ నీడన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గర కూర్చొని, మా యార్డుకు కూడా సెలవులేనని చెప్పాను. ఆయన సూది ఆపకుండానే, "మీ సరుకు గిడ్డంగిలో చల్లగా పడుకుంటుంది బాబూ, మా సరుకు నీళ్లలో పెరుగుతుంది" అన్నాడు. జవాబు తోచలేదు. ఆయన వేళ్లు కూడా పగిలే ఉన్నాయి. లేచి వెళ్లి అమ్మ దగ్గరి నూనె సీసా తెచ్చి ఇద్దామా అనుకుంటూనే కూర్చుండిపోయాను.

మధ్యాహ్నం సరుగుడు చెట్ల కింద చాప పరిచాము. మే నెల ఎండ ఎండే, ఇసుక కాలు మోపనివ్వదు. అయినా సముద్రం మీది గాలి తగలడం మొదలయ్యాక ఉక్క కొంత తగ్గింది. ముంజలు అమ్ముకుంటూ ఒకామె వస్తే, డజను ధర విన్న వెంటనే నా నోటి నుంచి సగానికి బేరం వెలువడింది. నా భార్య నా వైపు చూసి, "ఏమండీ, ఇక్కడ కూడా వేలం పాట పాడాలా?" అని, ఆమె అడిగినంతా ఇచ్చి రెండు డజన్లు తీసుకుంది. లేత ముంజలోని తీపి నీరు చొక్కా మీద కారుతూ ఉండగా, ఎవరికీ ఏ ధరా చెప్పనవసరం లేకుండా, ఏ అంకే గుర్తుంచుకోనవసరం లేకుండా నిద్రపోయాను. ఎంతసేపో తెలియదు. గడియారం గదిలోనే వదిలివచ్చినందుకు సంతోషించాను.

చీకటి పడ్డాక గది అరుగు మీద కూర్చున్నప్పుడు అమ్మ ఒక మాట అన్నది: "ఒరేయ్, పొద్దుటి నుంచి నువ్వు ఒక్కసారైనా తుమ్మలేదురా." ఆలోచిస్తే నిజమే. ఈ సంగతి తప్పకుండా రాసి పెట్టాలనుకొని, కలం కోసం సంచి అడుగున మడిచి ఉన్న కొట్టు చొక్కా బయటికి లాగాను. జేబులో కలంతో పాటు రెండు తేజ కాయల తొడిమలు, నాలుగు గింజలు, చిటికెడు ఎర్రటి పొడి ఉన్నాయి. వరుసగా ఐదు తుమ్ములు వచ్చాయి. నా భార్య పగలబడి నవ్వింది. అమ్మ మాత్రం ప్రతి తుమ్ముకూ విడిచిపెట్టకుండా "చిరంజీవ" అంటూనే ఉంది.