హెల్‌ఫైర్‌ను దారికి తెచ్చుకున్న తీరు: నా అనుభవం

జపాన్ గేమ్ కంపెనీ టోఆప్లాన్ ఆటల్లో 'జీరో వింగ్' పేరు వినని రెట్రో అభిమాని ఉండరు. అదే కంపెనీ అదే 1989లో ఆర్కేడ్‌కు తెచ్చిన 'హెల్‌ఫైర్' ఊసు మాత్రం అరుదుగా వస్తుంది. ఇదీ పక్కకు స్క్రోల్ అయ్యే స్పేస్ షూటరే. ఆడినవాళ్లు మరీ మొండిదని వదిలేస్తారు. సెగా కన్సోల్ మెగా డ్రైవ్‌కు వచ్చిన వెర్షన్ పట్టుకుని కూర్చున్నాక నాకు తేలింది ఒకటే: ఆ మొండితనంలో సగం మన సెటప్‌దే.

ఓడకు నాలుగు రకాల కాల్పులున్నాయి: ముందుకు, వెనక్కి, పైకీ కిందికీ, నాలుగు మూలలకూ. ఒకే బటన్‌తో వరసగా మారుతాయి. దాటిపోయిన దిశకు మళ్లీ రావాలంటే ఇంకో మూడుసార్లు నొక్కాలి. స్క్రీన్ ఆలస్యంగా స్పందిస్తే ఒక నొక్కు ఎక్కువ పడుతుంది, అంతలో శత్రువులు మీదికొచ్చేస్తారు. అందుకే ముందు ల్యాగ్ (నొక్కుకూ స్పందనకూ మధ్య ఆలస్యం) సంగతి తేల్చాను.

పాత కన్సోళ్ల ఆటలను కంప్యూటర్‌లో ఆడించే రెట్రోఆర్క్ అనే ప్రోగ్రామ్‌లో కీబోర్డు మీద పీ నొక్కి పాజ్ చేయాలి. ఓడను కదిపే బటన్ పట్టుకుని, కే నొక్కుతూ ఒక్కో ఫ్రేమే ముందుకు జరపాలి. మూడో ఫ్రేములో ఓడ కదిలితే మొదటి రెండూ ఆట లోపలి ఆలస్యమే, కాబట్టి ఆ ఆలస్యాన్ని దాటవేసే రన్-అహెడ్ సెట్టింగ్‌ను 2 పెట్టవచ్చు. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. లెక్కకు మించి పెడితే కదలికలో ఫ్రేములు ఎగిరిపోయి ఓడ గెంతుతున్నట్టు ఉంటుంది. టీవీ మీద ఆడేవాళ్లు గేమ్ మోడ్ తప్పకుండా ఆన్ చేయాలి.

రెట్రోఆర్క్‌లో మెగా డ్రైవ్ ఆటలను నడిపే భాగమైన జెనెసిస్ ప్లస్ జీఎక్స్ కోర్‌లో రీజియన్‌ను జపాన్‌కో అమెరికాకో పెట్టండి. యూరప్ 50 హెర్ట్జ్‌లోకి వెళ్తే వేగం ఆరో వంతు పడిపోతుంది, దానికి అలవాటుపడ్డ చేతికి అసలు వేగం అందదు. అసలు మెషీన్ 320 పిక్సెళ్ల మోడ్‌లో ఒక అడ్డగీతపై 20 స్ప్రైట్లే (ఓడ, బుల్లెట్ లాంటి కదిలే బొమ్మలు) చూపగలదు. అంతకు మించితే కొన్ని మాయమవుతాయి. కోర్ ఆప్షన్లలో ఆ పరిమితి తీసేయవచ్చు. బుల్లెట్లు స్పష్టంగా కనబడటం కోసం నేను తీసేశాను. కొన్ని ఆటలు మాత్రం ఆ పరిమితినే వాడుకుని స్ప్రైట్లను దాచుతాయి, వాటికి మళ్లీ పెట్టుకోవాలి.

ఇక సాధన. ఓడ పవర్ నిండుగా ఉన్నచోట సేవ్ స్టేట్ (ఆటను ఆ క్షణంలో ఉన్నట్టే దాచుకోవడం) పెట్టుకోవడం శుద్ధ దండగ. ఈ ఆటలో చస్తే వెనకున్న చెక్‌పాయింటుకు పవర్ లేని వట్టి ఓడతోనే వెళ్తాం. చచ్చి, అక్కడ లేచిన క్షణంలో సేవ్ చేసి, అక్కడి నుంచే ఆడాలి. వట్టి ఓడతో దాటగలిగిన చోటు పవర్ ఉన్నప్పుడు దానంతటదే తేలికవుతుంది. ఆ సాధనలోనే ప్రతి గుంపుకూ ముందు ఎన్ని నొక్కులు కావాలో కాగితం మీద రాసుకున్నాను. శత్రువు కనబడ్డాక మారుద్దామంటే కుదరదు, గుంపు రాకముందే దిశ సిద్ధంగా ఉండాలి. పైకప్పూ నేలా రెండింటి మీదా తుపాకులున్న దారిలో నిలువు కాల్పుతో మధ్యలో ఎగిరితే రెండు వైపులా ఒకేసారి తుడిచిపెట్టుకుపోతాయి.

దిశ మార్చే బటన్‌ను కంట్రోలర్ పై అంచునుండే షోల్డర్ బటన్‌కు మార్చుకోండి, కాల్చే బొటనవేలికి ఆ పని ఇవ్వొద్దు. టర్బోను (బటన్ పట్టుకుంటే దానంతటదే పదేపదే నొక్కే సదుపాయం) సెకనుకు 30 పెడితే కొన్ని నొక్కులు ఆట లెక్కలోకి రాకపోవచ్చు, 15 నమ్మకంగా పనిచేస్తుంది. స్పీడ్ ఐటెమ్‌లు కనబడ్డవన్నీ ఏరుకోకండి, ఇరుకు దారుల్లో ఓడ అదుపు తప్పుతుంది.